సముద్రం మీద పెట్టే కోట్లు, పాలమూరు చెల్కలో పడే వాన

నల్లగొండ వాళ్లు సముద్రం చూడాలంటే బాపట్ల దాకా పోవాలి. నారాయణపేట, గద్వాల వాళ్లకు ఇంకా దూరం. అందుకే "సముద్ర పరిశోధనకు వేల కోట్లు" అని వార్త వచ్చినప్పుడల్లా ఇటువైపు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. చెరువుల పూడిక తీతకే పైసలు లేవు, సముద్రంలో పోసుడెందుకని కొందరు. సముద్రం అడుగున నికెల్, కోబాల్ట్ కుప్పలున్నాయట, తోడుకుంటే దేశం దశ తిరుగుతదట అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ ఒకటే చిక్కు: వేర్వేరు పనులకు పోయే సొమ్మును ఒకే మూటగా చూస్తున్నారు.

మూట విప్పితే మూడు సంచులు బయటపడతాయి. మొదటిది కొలతల సంచి: సముద్రపు వేడి, ఉప్పదనం, అలలు, ప్రవాహాలు రోజూ కొలిచి వాతావరణ సూచనలకు అందించే పని. రెండోది యంత్రాల సంచి: మనుషుల్ని ఆరు కిలోమీటర్ల లోతుకు దింపే వాహనం, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్లు. మూడోది హక్కుల సంచి: ఏ దేశానికీ చెందని సముద్రగర్భంలో ఖనిజాలు వెతికే హక్కు తెచ్చుకుని, దాన్ని నిలబెట్టుకోవడం. పేపర్లో బొమ్మ పడేది రెండో సంచికీ మూడో సంచికీ. దక్షిణ తెలంగాణ రైతును తాకేది మాత్రం మొదటిది.

## మంజూరు వేరు, చేతికొచ్చేది వేరు

సంచుల సంగతికి ముందు అంకెల సంగతి. బ్యాంకు మూడు లక్షల రుణం మంజూరు చేసిందంటే మూడు లక్షలు ఖాతాలో పడ్డట్టు కాదని రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కేంద్ర పథకాల్లోనూ అంతే. మంత్రివర్గం ఆమోదించిన మొత్తం ఒకటి. దాంట్లోంచి ఏటా బడ్జెట్‌లో పెట్టే అంచనా ఇంకొకటి. ఏడాది మధ్యలో దాన్ని సవరిస్తారు. ఆఖరికి నిజంగా ఖర్చయ్యేది నాలుగో అంకె. వార్తల్లో నాలుగింటినీ కలిపి వాడేస్తుంటారు.

లోతు సముద్ర పరిశోధనకు కేంద్రం పెట్టిన డీప్ ఓషన్ మిషన్‌నే తీసుకుందాం. 2021 జూన్ 16న కేంద్ర మంత్రివర్గం దీనికి ఐదేళ్లకు గాను 4,077 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో 2021-24 మధ్య మొదటి మూడేళ్లకు అనుకున్నది 2,823.4 కోట్లు. మొత్తాన్ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 815 కోట్లు. 2025-26 బడ్జెట్ అంచనాలో పెట్టింది 600 కోట్లు.

ఈ తేడా చూసి సొమ్ము ఎవరో మింగారనుకోనక్కర్లేదు, పని నడిచే తీరే అలాంటిది. లోతు సముద్రపు పరికరాలు అంగడిలో దొరకవు. టెండరు పిలవాలి, విదేశీ తయారీదారు ఒప్పుకోవాలి, ఓడ ఖాళీగా ఉండాలి, సముద్రం నెమ్మదిగా ఉండాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో పరీక్షలకు ఓడలు దించడం కష్టం. టెండరు రెండు నెలలు జారితే, పరీక్ష రెండు నెలలే వెనక్కి జరగడం కాదు, సీజనే పోతుంది. డబ్బు ఆ ఏడాది ఖర్చు కాదు, సవరించిన అంచనాలో కోత పడుతుంది.

మరి ఆ 4,077 కోట్లు పెద్ద మొత్తమా? 140 కోట్ల జనాభాకు పంచితే తలకు 29 రూపాయలు. ఐదేళ్లకు కలిపి అంత. ఏడాదికి ఆరు రూపాయల లోపే. చాయ్ ధర కూడా కాదు. అయితే ఈ తలసరి లెక్క ఎంత ఖర్చునైనా చిన్నదిగా చూపించే గారడీ అని కూడా గుర్తుంచుకోవాలి. ఆరు రూపాయలకు ఏం వస్తున్నదన్న ప్రశ్న దాంతో తీరదు.

ఇంకో గందరగోళం పేర్లది. 2024 జనవరిలో ఆమోదం పొందిన పృథ్వీ పథకానికి 2021-26 కాలానికి 4,797 కోట్లు. అందులో సముద్ర సేవలతో పాటు వాతావరణం, ధ్రువ ప్రాంతాలు, భూకంపాల అధ్యయనం కూడా ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన మిషన్ మౌసమ్‌కు రెండేళ్లకు 2,000 కోట్లు, అది ప్రధానంగా వాతావరణానిది. ఈ మూడింటినీ కూడేసి "సముద్రానికి పదకొండు వేల కోట్లు" అనేస్తే కూడిక దాదాపు సరిపోతుంది గానీ అర్థం తప్పుతుంది. పథకాలన్నీ కేంద్ర భూవిజ్ఞాన శాఖవే. 2025-26కు ఆ శాఖ మొత్తం కేటాయింపు సుమారు 3,650 కోట్లు.

## బంగాళాఖాతం లెక్కలు నిజాంపేటలో ఎందుకు?

ఈ సొమ్ముతో నడిచే ముఖ్యమైన సంస్థల్లో ఒకటి మనకు రెండు మూడు గంటల దూరంలోనే ఉంది. భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్, 1999లో మొదలైంది. హైదరాబాద్ శివారు నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో ఉంటుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007 అక్టోబర్‌లో దేశపు సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఇక్కడే ఏర్పాటైంది.

సముద్రమే లేని ఊళ్లో సునామీ కేంద్రమేంటని నవ్వుతారు కొందరు. సముద్రపు కొలతలు చూసేవాడు ఒడ్డున కూర్చోవాల్సిన పనిలేదు. భూకంప కేంద్రాల నుంచి, సముద్రం అడుగున పెట్టిన పీడన మీటర్ల నుంచి, రేవుల్లోని నీటిమట్టం మీటర్ల నుంచి సమాచారం ఉపగ్రహాల మీదుగా వస్తుంది. నాలుగు కిలోమీటర్ల నీటి కింద కూర్చున్న పీడన మీటరు, పైన మట్టం ఒక్క సెంటీమీటరు లేచినా పసిగడుతుంది.

మిగతా సంస్థల్లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 1993 నుంచి యంత్రాల పని చూస్తుంది. గోవాలో ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థలో రుతుపవనాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు నడుస్తాయి. సూచన రైతుకు చేరేది వాతావరణ శాఖ పేరు మీద. ఇన్‌కాయిస్ సముద్రపు స్థితిని లెక్కగట్టి అందిస్తే, ఆ లెక్కతో రుతుపవన మోడల్ మొదలవుతుంది. రైతుకు ఈ వంటగది కనిపించదు, వడ్డించేవాడే కనిపిస్తాడు.

## వాన లెక్క నీళ్లలో ఎందుకు మొదలవుతుంది

గాలికి మతిమరుపు ఎక్కువ. ఈ రోజు గాలి ఎటు వీస్తున్నదో చూసి వారం పది రోజులకు మించి చెప్పడం కష్టం. నీళ్లకు మాత్రం జ్ఞాపకం ఉంటుంది. సముద్రం పైనున్న మూడు మీటర్ల నీరు పట్టుకునే వేడి, దాని మీదున్న మొత్తం వాతావరణం పట్టుకునే వేడితో దాదాపు సమానం. ఎండాకాలంలో వేడెక్కిన నీరు నెలల తరబడి చల్లారదు. కాబట్టి ఏప్రిల్‌లో సముద్రం ఎలా ఉందో తెలిస్తే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ఎటు మొగ్గుతుందో కొంతవరకు అంచనా కట్టొచ్చు.

ఎల్‌నినో మాట ఇప్పుడు ఊరి రచ్చబండ దాకా వచ్చింది. పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలు కంటే వేడెక్కడం అది. ఎల్‌నినో వస్తే మనకు కరువే అని ఖాయం చేసుకున్నవాళ్లు 1997ను చూడాలి. ఆ ఏడాది ఎల్‌నినో చాలా బలంగా ఉంది, అయినా దేశంలో వాన సగటులో 102 శాతం పడింది. హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి, ఇండోనేషియా వైపు చల్లబడే మరో స్థితి ఉంది. దాన్ని హిందూ మహాసముద్ర ద్విధ్రువం అంటారు. 1997లో అది మనకు అనుకూలంగా నిలిచింది. 2019లోనూ అలాగే బలంగా వచ్చింది, వాన 110 శాతం. కానీ 2015లో ఎల్‌నినో పైచేయి అయ్యింది, 86 శాతం దగ్గర ఆగిపోయింది. 2023లో ద్విధ్రువం అనుకూలంగా మారినా ఆగస్టు నెల 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అత్యంత పొడిగా గడిచింది, సీజన్ 94 శాతంతో ముగిసింది.

అంటే ఒక సముద్రాన్ని చూస్తే సరిపోదు, పైపొరను చూసినా సరిపోదు. ఉపగ్రహం నీటి పైచర్మపు వేడినే చూడగలదు. వేడినీటి పొర పది మీటర్ల మందమా, వంద మీటర్లా అన్నది నీళ్లలో మునిగి కొలవాల్సిందే.

## మునిగి తేలే గొట్టం

ఆ మునిగే పని చేసేది ఆర్గో ఫ్లోట్. యాంటెన్నాతో కలిపి మనిషంత పొడవుండే గొట్టం, బరువు 20 నుంచి 30 కిలోలు. దానికి ఫ్యాను లేదు, చుక్కాని లేదు. అడుగున చిన్న రబ్బరు తిత్తి, లోపల నూనె, ఒక పంపు. నూనెను తిత్తిలోకి పంపు చేస్తే తిత్తి ఉబ్బుతుంది. గొట్టం బరువు మారదు, ఒళ్లు పెరుగుతుంది, కాబట్టి పైకి తేలుతుంది. నూనెను వెనక్కి తీసుకుంటే ఒళ్లు తగ్గి మునుగుతుంది. కుండ నీళ్లలో తేలుడు, మునుగుడు సూత్రమే.

దాని దినచర్య పది రోజులది. వెయ్యి మీటర్ల లోతుకు దిగి తొమ్మిది రోజులు ప్రవాహంతో కొట్టుకుపోతుంది. తర్వాత రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా వేడి, ఉప్పదనం, పీడనం కొలుస్తుంది. వేడి కొలతలో డిగ్రీలో వెయ్యింట రెండు వంతుల తేడా కూడా దొరుకుతుంది. పైకి రాగానే ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. ప్రపంచ సముద్రాలన్నింట్లో ఇలాంటివి దాదాపు నాలుగు వేలున్నాయి. చాలా దేశాలు తలా కొన్ని వదులుతాయి, సమాచారం అందరిదీ.

ఖర్చు లెక్క వేద్దాం. సాదా రకం ఫ్లోట్ 20 వేల డాలర్లకు తక్కువ రాదు. 17 లక్షల రూపాయలనుకుందాం. ఐదేళ్లు బతికితే, పది రోజులకొకటి చొప్పున 180 కొలతలు. ఒక్కో కొలతకు 9,500 రూపాయల లోపు. అదే చోటికి ఓడను పంపి కొలిపిస్తే డీజిలు, సిబ్బంది, తిండితో రోజుకే లక్షలు దాటుతుంది.

ఐదేళ్లు బతికితే అన్నదే మెలిక. దాని బ్యాటరీలు మళ్లీ చార్జి అయ్యేవి కావు. అయిపోతే గొట్టం సముద్రంలోనే పోతుంది, వెతికి తేవడానికయ్యే ఖర్చు కొత్తదాని ఖర్చును మించుతుంది. నాచు పట్టి సెన్సర్ చెడుతుంది. కొన్నేళ్ల కింద తయారైన ఒక రకం సెన్సర్లు ఉప్పదనాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించసాగాయి. వాటిని ఓడల కొలతలతో, పక్క ఫ్లోట్లతో పోల్చి దిద్దాల్సి వచ్చింది. ఇదంతా మనుషులు కూర్చుని చేసే పని, జీతాల పద్దులో కనిపించే పని.

లంగరు వేసిన బోయలది ఇంకో తంటా. మూడు, నాలుగు కిలోమీటర్ల తాడు, అడుగున లంగరుగా చాలాసార్లు పాత రైలు చక్రాలే, పైన తేలే బోయ మీద గాలి, వాన, ఎండ కొలిచే పరికరాలు. తేలే వస్తువు నీడకు చేపలు చేరతాయి. చేపల కోసం పడవలు వస్తాయి. బోయకు పడవ కడతారు, వల చిక్కుకుంటే తాడు కోస్తారు, సోలార్ పలకలు మాయమవుతాయి. చేపలు పట్టేవాడికి అది చేపల తావు, శాస్త్రవేత్తకు అది వాతావరణ కేంద్రం. బోయ ఒక్కటి పోయినా మళ్లీ ఓడ పోయేదాకా ఆ చోటి లెక్క ఖాళీ.

ఇలాంటి ఖాళీలు పెరిగితే ఏమవుతుందో పసిఫిక్‌లో ఒకసారి తేలింది. ఎల్‌నినోను పసిగట్టే బోయల వరుసను అమెరికా నడిపేది. వాటి మరమ్మతుకు తిరిగే ఓడను 2012లో పక్కన పెట్టారు. బోయలు ఒక్కొక్కటే మూగబోయి, 2014 మొదట్లో అందాల్సిన సమాచారంలో 40 శాతమే అందే స్థితి వచ్చింది. బోయల మీద పెట్టిన కోట్లు సముద్రంలోనే ఉన్నాయి. ఆగింది ఓడ తిరుగుడు ఖర్చు.

## పత్తి గింజ లెక్క

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఏడాది వాన 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్య. కాలువ కింద వరి వేసేవాళ్లను పక్కన పెడితే, మునుగోడు, కల్వకుర్తి, మక్తల్ వైపు చెల్కల్లో పత్తి, కంది అంతా వాన మీదే. మిరుగు వెళ్లగానే ఒక దెబ్బ వాన పడితే గింజ చేతిలోకి వస్తుంది. తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్తారు. ఏటా కొందరు 25 మిల్లీమీటర్లకే విత్తుతారు. పక్కవాడు వేశాడు, తనది వెనకబడుతుందన్న తొందర.

ఐదెకరాల పత్తి అనుకుందాం. ఎకరాకు రెండు ప్యాకెట్ల చొప్పున పది ప్యాకెట్లు. 475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్‌కు 2025లో గరిష్ట ధర 901 రూపాయలు. మొత్తం 9,010. విత్తాక పన్నెండు రోజులు వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ గింజలకు అదే 9,010. గుంటక, అచ్చు, విత్తే కూలి అదనం. వారం ఆలస్యంగా వేసినా పైరు నిలిచేది, తొందరపడి రెండుసార్లు వేస్తే విత్తనం ఖర్చు రెండింతలు.

ఈ చోట రైతుకు కావాల్సింది ఏప్రిల్‌లో వచ్చే "దేశంలో వాన ఇంత శాతం" అన్న సూచన కాదు. ఆ సూచనలో మోడల్ పొరపాటుకు అయిదు శాతం అటూ ఇటూ వదులుతారు. అది దేశం మొత్తానికి, నాలుగు నెలలకు సగటు. దేశంలో 100 శాతం పడి నారాయణపేట ఎండిపోయిన ఏళ్లున్నాయి. పనికొచ్చేది రెండు నుంచి నాలుగు వారాల సూచన. వాతావరణ శాఖ దీన్ని ప్రతి గురువారం ఇస్తుంది. రుతుపవనాలు ఒక విడత కురిసి ఆగే తీరు బంగాళాఖాతం, హిందూ మహాసముద్రాల మీదుగా కదిలే మేఘాల గుంపులను బట్టి ఉంటుంది. ఆ గుంపుల కింద నీరు ఎంత వేడిగా, ఎంత లోతుదాకా వేడిగా ఉందన్న కొలత లేకపోతే మోడల్ మొదలే తప్పుతుంది. 2024లో పుణె, నోయిడా సంస్థలకు 850 కోట్ల ఖర్చుతో అర్క, అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. 2025 మేలో ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కించే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. గడి చిన్నదైతే మండలం దగ్గరికి వస్తాం, నిజమే. గడిలో పోసే కొలతలు పల్చగా ఉంటే చిన్న గడి చేసేదేమిటంటే తప్పును మరింత స్పష్టంగా చూపించడం.

దీనికి రూపాయల్లో విలువ కట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. రుతుపవన సూచనల కోసం నడిపిన మాన్‌సూన్ మిషన్, సూపర్ కంప్యూటర్ల మీద పెట్టిన సుమారు వెయ్యి కోట్లకు, రూపాయికి 50 రూపాయల లాభం వస్తుందని ఢిల్లీలోని జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 2020లో లెక్కగట్టింది. వర్షాధార జిల్లాల రైతులు సూచన చూసి విత్తే తేదీ, పంట, కోత మార్చుకోవడం వల్ల కలిగే లాభం దీనికి ప్రధాన ఆధారం. ఈ అంకెను గట్టిగా పట్టుకునే ముందు రెండు సంగతులు చూడాలి. అధ్యయనం చేయించింది భూవిజ్ఞాన శాఖే. లాభమంతా సూచన చేరి, రైతు నమ్మి, పని మార్చుకున్నాడన్న షరతు మీద నిలబడింది. ఫోను లేని కౌలు రైతుకు, అప్పిచ్చినవాడు చెప్పిన పంటే వేయాల్సిన రైతుకు ఆ యాభై రూపాయల్లో వాటా ఎంతో ఊహించుకోవచ్చు. అయినా సగానికి సగం కొట్టేసినా ఇరవై అయిదు మిగులుతుంది.

వాన ఎక్కువైనప్పుడూ దారి బంగాళాఖాతం నుంచే. 2024 ఆగస్టు ఆఖరున వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. సెప్టెంబర్ 1న కోదాడ, హుజూర్‌నగర్ నీట మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. 2009 అక్టోబర్ 2 నాటి కృష్ణా వరదలో అలంపూర్ మునిగింది, శ్రీశైలానికి డిజైన్‌కు మించిన వరద వచ్చింది. గేట్లు ఎప్పుడు, ఎన్ని ఎత్తాలన్నది తేల్చే ఇంజినీరుకు ముందుగా తెలిసే ప్రతి పన్నెండు గంటలూ విలువైనవే. మట్టం ముందే తగ్గిస్తే యాసంగికి నీళ్లు చాలవేమోనని భయం, తగ్గించకపోతే కట్ట భయం.

## బొటనవేలి గోరు మీద 15 బస్తాలు

ఇక పేపర్లో బొమ్మ పడే సంచి. సముద్రయాన్‌లో భాగంగా చెన్నై సంస్థ తయారుచేస్తున్న మత్స్య-6000 అనే వాహనం ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు దింపాలి. వాళ్లు కూర్చునే గోళం టైటానియం మిశ్రమంతో చేసింది, వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. మామూలుగా 12 గంటలు, ఆపద వస్తే 96 గంటలు లోపల బతికే ఏర్పాటు.

అంత మందం ఎందుకో బోరు వేసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. పది మీటర్ల నీటికి చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. వంద మీటర్ల నుంచి నీళ్లు తోడే మోటారు పది కిలోల ఒత్తిడిని ఎదుర్కొంటుంది. ఆరు వేల మీటర్ల దగ్గర అది 600 కిలోలు. బొటనవేలి గోరంత చోట 40 కిలోల వడ్ల బస్తాలు 15 పెట్టినట్టు. గోళం మొత్తం మీద లెక్కేస్తే దాదాపు 83 వేల టన్నులు. గోళం ఎక్కడైనా అతి కొంచెం వంకర పోయినా, అతుకులో వెంట్రుకంత పగులున్నా ఒత్తిడి అక్కడే గుమికూడుతుంది. అందుకే 80 మిల్లీమీటర్ల టైటానియాన్ని ఎలక్ట్రాన్ కిరణంతో అతకడం ఇస్రోకే వందల ప్రయోగాల పని అయ్యింది.

2025 మొదట్లో చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవులో దీన్ని నీళ్లలో పరీక్షించారు. అదే ఏడాది ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రాన్స్ వాహనం నాటీల్‌లో అట్లాంటిక్‌లో దిగి, ఒకరు నాలుగు వేలు, ఇంకొకరు అయిదు వేల మీటర్లు దాటారు. సొంత వాహనం గడువులు మాత్రం వెనక్కి జరుగుతూ వచ్చాయి.

మనుషుల్ని దింపడమే అవసరమా అన్నచోట శాస్త్రవేత్తలకే రెండు అభిప్రాయాలున్నాయి. రోబోలు చవక, ప్రాణభయం లేదు, రోజుల తరబడి పనిచేస్తాయి అంటారు ఒక వైపువాళ్లు. ఈ పనిలో నేర్చుకునే అతుకు, కెమెరా, బ్యాటరీ, లోతులో మాట్లాడుకునే పరికరం రేపు వేరే చోట పనికొస్తాయి, ఈ విద్య డబ్బిచ్చినా ఎవరూ నేర్పరు అంటారు మరో వైపువాళ్లు. రెండో వాదన నిజమే అయినా దాన్ని కొలవడం కష్టం, ఎందుకంటే "రేపు పనికొస్తుంది" అనే మాటకు గడువు ఉండదు.

## వెతకడం, తవ్వడం: అమ్రాబాద్ చర్చే మళ్లీ

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్‌లో యురేనియం గొడవ గుర్తున్నవాళ్లకు మూడో సంచి కొత్తది కాదు. అక్కడా మొదట వచ్చిన మాట "తవ్వడం లేదు, ఉందో లేదో చూస్తున్నాం" అనే. చూడటం అయ్యాక ఆగుతారా అన్నది జనం భయం. 2019 సెప్టెంబర్‌లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానించింది.

మధ్య హిందూ మహాసముద్రంలో ఐదు కిలోమీటర్లకు పైగా లోతున ఆలుగడ్డలంత నల్లని ముద్దలు పరుచుకుని ఉన్నాయి. బహుళలోహ ముద్దలంటారు. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. 1981 జనవరి 26న గవేషణి ఓడ మన దేశం తరఫున మొదటి ముద్దలను పైకి తెచ్చింది. 1987లో భారత్‌కు తొలి పెట్టుబడిదారు హోదా దక్కింది. 2002లో జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు మన చేతిలో ఉన్నది 75 వేల చదరపు కిలోమీటర్లలో వెతికే హక్కు. అక్కడి ముద్దలు 38 కోట్ల టన్నులని అంచనా, అందులో నికెల్ 47 లక్షల టన్నులు. వేడినీటి ఊటల దగ్గర పేరుకునే సల్ఫైడ్ ఖనిజాల కోసం 2016లో ఒక ఒప్పందం, 2025 సెప్టెంబర్‌లో కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి దగ్గర మరొకటి కుదిరాయి.

ఇవన్నీ అన్వేషణ ఒప్పందాలే. తవ్వి అమ్ముకునే నిబంధనల మీద దేశాలు ఇంకా ఒప్పుకోలేదు. 2021లో వరాహ అనే మన యంత్రం 5,270 మీటర్ల లోతున నడిచి చూపించింది. నడవడం నుంచి గనికి చాలా దూరం ఉంది: ముద్దలు ఏరాలి, ఐదు కిలోమీటర్ల గొట్టంలో రాళ్లను అడ్డుపడకుండా పైకి తోడాలి, ఓడ మీద నీళ్లు వేరు చేయాలి, మిగిలిన బురదను మళ్లీ ఎక్కడో వదలాలి. ఆ బురద మబ్బు ఎంత దూరం పాకుతుందన్నదే పెద్ద గొడవ. పెరూ తీరానికి దూరంగా 1989లో సముద్రగర్భాన్ని ప్రయోగంగా దున్నారు. పాతికేళ్ల తర్వాత చూసినా సాళ్లు అలాగే ఉన్నాయి. ముప్పైకి పైగా దేశాలు ఇప్పుడే వద్దంటున్నాయి, ఫ్రాన్స్ పూర్తిగా నిషేధించాలంటోంది.

అనుకూలంగా మాట్లాడేవాళ్ల వాదనా తేలికది కాదు. కోబాల్ట్, నికెల్ మనకు దిగుమతులే, పెద్ద భాగం కొద్ది దేశాల చేతిలో ఉంది. వాటి కోసం నేల మీద అడవులు, ఊళ్లు పోతున్నాయి. హక్కు ఇప్పుడు వదులుకుంటే తర్వాత దొరకదు. ఎదుటివాళ్లు ఇంకో సంగతి చెప్తారు: నికెల్, కోబాల్ట్ అక్కర్లేని ఇనుము-ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇప్పటికే బండ్లలో వస్తున్నాయి, మన గని సిద్ధమయ్యేసరికి ధర ఉంటుందా అని. ఇక్కడ చర్చించాల్సింది ఖజానాకు ఎంత వస్తుందని కాదు, ఎందుకంటే ఇప్పటికి వచ్చేదేమీ లేదు. కౌలుకు తీసుకున్న భూమికి ఏటా కట్టే కౌలు లాంటి ఖర్చు ఇది. పంట ఎప్పుడో, అసలు వేయనిస్తారో లేదో తేలలేదు.

## మరి ఫ్లోరైడ్ నీళ్లకు?

సముద్రపు నీటిని తాగునీరు చేస్తున్నారంటే నల్లగొండలో వెంటనే వచ్చే ప్రశ్న ఇది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి రోజుకు లక్ష లీటర్లు తయారుచేసే ప్లాంటు ఉంది. పైన ఉన్న 28 డిగ్రీల నీటిని గాలి తీసేసిన గదిలోకి వదులుతారు. అక్కడ పీడనం మామూలులో నలభయ్యో వంతు ఉంటే నీరు 22 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఆ ఆవిరిని 350 మీటర్ల కింది నుంచి తోడిన చల్లని నీటితో చల్లారిస్తే మంచినీరు. లీటరు నీరు ఆరు డిగ్రీలు చల్లబడితే వచ్చేది 6 కిలోకేలరీలు, లీటరు ఆవిరికి కావాల్సింది దాదాపు 585. అంటే వంద లీటర్లు తోడితే ఒక లీటరు. లక్ష లీటర్లకు కోటి లీటర్లు తోడాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడలో అది కుదరదు. అంత వేడి నీరూ లేదు, పక్కనే అంత చల్లని నీరూ లేదు. మన సమస్యకు మనకే పేరు తెచ్చిన పద్ధతి ఉంది: పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్లగొండ టెక్నిక్, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, ఆఫ్రికా దాకా వెళ్లింది. దానికీ పటిక మోతాదు తప్పడం, మిగిలిన బురదను ఎక్కడ పారేయాలన్న చిక్కులున్నాయి. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక దాని అవసరం తగ్గింది.

## గడువు దాటాక నడిచే ఖర్చు

డీప్ ఓషన్ మిషన్‌కు 2021లో అనుకున్న ఐదేళ్ల లెక్క 2026 మార్చితో ముగిసేది. పృథ్వీ గడువూ అదే. ఇలాంటి పథకం గడువు తీరినప్పుడల్లా ఆర్థిక సంఘం కాలంతో పాటు కొత్త ఆమోదం కావాలి. గోళం, గని యంత్రం లాంటివి మూలధన వ్యయం, ఒకసారి కొంటే ఫొటో దిగొచ్చు. బోయ మార్చడానికి ఓడ తిప్పే డీజిలు, కొలతలు దిద్దే ఉద్యోగుల జీతం, ఉపగ్రహ సందేశాల బిల్లు నిత్య వ్యయం. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు చేయి మొదట పోయేది ఆ రెండో పద్దు మీదికే, ఎందుకంటే ఆ కోత ఆ ఏడాది ఎవరికీ కనిపించదు. దాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు: నిత్య వ్యయానికి హద్దు పెట్టకపోతే సంస్థలు పాత పనినే సాగదీస్తాయి, కొత్త పరికరం వైపు చూడవని. ఆ మాటలోనూ కొంత నిజం ఉంది.

ఈ ఏడాది బంగాళాఖాతంలో వదిలిన ఆర్గో ఫ్లోట్ బ్యాటరీ నాలుగైదేళ్లలో అయిపోతుంది. దాని స్థానంలో ఇంకోటి దిగాలంటే ఆ 17 లక్షలు, దాన్ని మోసుకెళ్లే ఓడ ఖర్చు అప్పటి బడ్జెట్‌లో ఉండాలి.